తప్పు ఎదుటివాడిది, పోయింది మన బోనసు



కారుకు చిన్న దెబ్బ తగిలితే తప్పు ఎవరిదో ఇన్సూరెన్స్ కంపెనీ తేలుస్తుందని చాలామందికి ఒక నమ్మకం. నడిరోడ్డు మీద కాసేపు అరుచుకుని, గొంతు పోయాక, ‘సరే, ఇన్సూరెన్సోళ్లు చూసుకుంటరులే’ అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. వాళ్లు చూసుకోరు. బంపర్ ఎంత నలిగిందో చూస్తారు. రంగుకు ఎంత, కూలికి ఎంత అని లెక్క కడతారు. లైసెన్సు గడువు ఉందా లేదా అని చూస్తారు. గుద్దినవాడెవడు, గుద్దించుకున్నవాడెవడు అన్న ప్రశ్న జోలికి మాత్రం సాధారణంగా రారు. ఎందుకు రారో, దానివల్ల జేబుకు చిల్లు ఎవరికి పడుతుందో, మనం గట్టిగా అడగాల్సిన చోటు ఏదో ఇవాళ మాట్లాడుకుందాం.

నేనుండేది యాప్రాల్‌లో. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉంటుంది మా ఊరు. ఒక పక్క సైనిక్‌పురి, ఇంకో పక్క కౌకూర్, బొల్లారం, అటు పైన జవహర్‌నగర్. మిలిటరీ వాళ్ల గోడలు, ఆ గోడల మధ్య మిగిలిన జాగాలో అపార్టుమెంట్లు. ఇళ్లు పెరిగినంత జోరుగా రోడ్లు పెరగలేదు. ఉన్న రోడ్డు మీదే స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, చెత్త లారీలు, మిలిటరీ ట్రక్కులు, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్ల బళ్లు. గుంత తప్పించబోయి పక్క బండికి రాసుకోవడం, యూ టర్న్ దూరమని రాంగ్ రూట్లో వచ్చి అద్దం విరగ్గొట్టడం, ట్యాంకరు రివర్సులో వచ్చి బానెట్ మీద మొట్టికాయ వేయడం, ఇవీ ఇక్కడి ప్రమాదాలు. దేవుడి దయవల్ల వీటిలో చాలావాటికి ఆసుపత్రి అవసరం పడదు. షెడ్డుకు పోతే చాలు.

సాయంత్రం స్కూళ్లు వదిలే వేళ ఏదో ఒక మలుపులో ఈ సంభాషణ వినపడుతుంది.

‘ఏందన్నా, నడిమిట్ల గట్ల బ్రేకేస్తవా?’

‘ముంగట బర్రె అడ్డమొచ్చింది తమ్మీ. నేను ఆగే ఉన్న. నువ్వొచ్చి గుద్దినవ్.’

‘సిగ్నల్ అన్న ఇయ్యాలె కదా.’

‘బర్రె ఇచ్చిందా నాకు సిగ్నలు?’

ఇంతలో వెనక హారన్లు మొదలవుతాయి. ఎవరో ఒక పెద్దమనిషి దిగి, ‘ఛోడో భయ్యా, చిన్న గీతనే కదా, బండ్లు పక్కకు తీయుండ్రి’ అని తీర్పు చెప్పేస్తాడు. వెయ్యో రెండు వేలో ఫోన్లో పంపుకుంటారు. ఎవరి గొంతు పెద్దదైతే వాడు గెలుస్తాడు. లేదా, ఎవడి బండి పెద్దదైతే వాడే ఇచ్చుకోవాలి. కారుకూ స్కూటరుకూ తగువైతే కారువాడిదే తప్పు, ఆ స్కూటరు గాల్లోంచి ఊడిపడినా సరే. ఇది ఏ చట్టంలోనూ లేదు, కానీ మన రోడ్డు మీద అన్ని చట్టాల కంటే గట్టిగా అమలవుతున్నది ఇదే.

చట్టం వేరేగా ఉంది. 2017 జూన్‌లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నియమాలు ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో చెబుతాయి. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా గుద్దుకోనంత దూరం ఉంచాల్సిన బాధ్యత వెనకవాడిది. మెయిన్ రోడ్డు మీద పోయేవాడికి గల్లీలోంచి వచ్చేవాడు దారి ఇవ్వాలి. రివర్సు చేసేవాడు వెనక ఎవరికీ ప్రమాదం లేదని చూసుకున్నాకే చేయాలి. కాబట్టి పై సంభాషణలో చట్టం ఆగిన అన్న పక్షాన ఉంది. 2018లో నిషాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట మీద నిలబడింది. ముందు పోతున్న ట్రక్కుకు 10, 15 అడుగుల దూరంలో వెంబడించిన కారు, ట్రక్కు బ్రేకు వేయగానే పోయి గుద్దుకుంది. ఆ దూరం సురక్షితమైన దూరం కాదు, తప్పు కారుదే అంది కోర్టు.

అంతమాత్రాన ముందువాడు ఎప్పుడూ పత్తిగింజ కాదు. 2017 జనవరిలో కోయంబత్తూరు దగ్గర హైవే మీద ఒక కారాయన, భార్యకు వాంతి వచ్చేలా ఉందని చప్పున బ్రేకు వేశాడు. వెనక మోటారుసైకిల్ మీద వస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థి ఆ కారుకు తగిలి పడ్డాడు, వెనక వచ్చిన బస్సు అతని కాలు మీదుగా పోయింది. 2025 జూలై చివర్లో సుప్రీంకోర్టు ఆ తప్పును పంచిపెట్టింది. కారుకు 50 శాతం, బస్సుకు 30, లైసెన్సు లేకుండా దూరం పాటించకుండా వచ్చిన కుర్రాడికి 20. హైవే మీద సైగ లేకుండా ఆగడం నిర్లక్ష్యమే అంది. అంటే తప్పును తూకం వేసి పంచడం మన కోర్టులకు బాగా వచ్చు. కాకపోతే అది ప్రాణం పోయిన, కాలు పోయిన కేసుల్లో. బంపర్ పోయిన కేసులో తక్కెడ బయటికి తీసేవాడు లేడు.

ఎందుకు లేడో చూద్దాం. మనం ఒకే కాగితంగా కొనే కారు పాలసీలో నిజానికి రెండు బీమాలు ఉంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, మన వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోది ఓన్ డ్యామేజీ, మన బండికి జరిగిన నష్టానికి. ఇది మన ఇష్టం. ఈ రెండో బీమాకు తప్పుతో పని లేదు. గోడకు మనమే గుద్దినా ఇస్తుంది, ఎవడో వచ్చి మనల్ని గుద్దినా ఇస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2018లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత కొత్త కారు కొంటే థర్డ్ పార్టీ ఒకేసారి మూడేళ్లకు కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజీ ఏడాదికే ఉండొచ్చు. ‘మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టినం’ అన్న ధీమాతో రెండో ఏడు ఓన్ డ్యామేజీ కట్టని ఇళ్లు ఉన్నాయి. దెబ్బ తగిలిన రోజున తెలుస్తుంది, కాగితం మీద బతికి ఉన్నది ఎదుటివాడి బీమా మాత్రమేనని.

సరే, రెండూ ఉన్నాయనుకుందాం. తప్పు పూర్తిగా ఎదుటివాడిది. మన కంపెనీ మనకు డబ్బు ఇచ్చి, ఆ డబ్బు వాడి కంపెనీ నుంచి రాబట్టుకోవాలి కదా? చట్టం ప్రకారం ఆ హక్కు దానికి ఉంది. కానీ కంపెనీలు ఎప్పుడో తమలో తాము ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని పేరు నాక్ ఫర్ నాక్. రెండు బళ్లకూ పూర్తి బీమా ఉంటే, ఎవరి బండి నష్టం వాళ్ల కంపెనీయే భరించాలి, ఒకరి మీద ఒకరు దావాలు వేసుకోకూడదు అన్నది దాని సారం. కంపెనీ కోణంలో చూస్తే ఇది తెలివైన పనే. ఇవాళ నా కస్టమరును నీ కస్టమరు గుద్దుతాడు, రేపు అటుది ఇటు. వేల కొద్దీ చిన్న చిన్న కేసులకు వకీళ్లను పెట్టే బదులు చెల్లుకు చెల్లు అనుకుంటే ఇద్దరికీ ఖర్చు మిగులుతుంది. ఇంగ్లండులోనూ ఈ పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది.

నాకున్న పేచీ ఈ ఒప్పందం ఉండటంతో కాదు. ఖర్చు మిగిలింది కంపెనీలకు, పోయింది తప్పు లేనివాడి బోనసు, పేచీ అక్కడ. ఆ బోనసు సంగతే కాస్త వివరంగా చూద్దాం. కాగితం, పెన్ను దగ్గరుంటే తీసుకోండి.

ఏడాదంతా క్లెయిము చేయకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. మొదటి ఏడాది తర్వాత 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ సున్నా. పేరులోనే ఉంది చూడండి, నో క్లెయిమ్. మీరు తప్పు చేశారా అన్నది దీనికి పట్టదు, డబ్బు అడిగారా లేదా అన్నదే లెక్క.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. 1,200 సీసీ కారు, ఐదేళ్లుగా ఒక్క క్లెయిమూ లేదు. బోనసు తీయకముందు ఓన్ డ్యామేజీ ప్రీమియం 10,000 అనుకోండి. సగం బోనసు పోను మీరు కడుతున్నది 5,000. కౌకూర్ రోడ్డులో ఆగి ఉంటే వెనక నుంచి ఒకడు గుద్దాడు. షెడ్డులో బిల్లు పన్నులతో కలిపి 18,000. అందులో వెనక బంపర్ 6,000, రంగు 8,000, కూలి 4,000. అంతా కంపెనీయే ఇస్తుందనుకుంటే పొరపాటు. ప్లాస్టిక్ సామాను మీద సగం తరుగు, అంటే 3,000 మన నెత్తిన. రంగు ఖర్చులో నాలుగో వంతును సామానుగా లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, అది ఇంకో 1,000. 1,500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మనం భరించాల్సింది 1,000. మొత్తం కోత 5,000. కంపెనీ ఇచ్చేది 13,000.

పదమూడు వేలు వచ్చాయి కదా అనుకుంటున్నారా, ఆగండి. వచ్చే ఏడు బోనసు సున్నా, అంటే 5,000 ఎక్కువ కడతారు. ఆ పై ఏడు 50 శాతం రావాల్సిన చోట 20, 3,000 నష్టం. తర్వాత 25, అంటే 2,500. తర్వాత 35, అంటే 1,500. ఆ తర్వాత 45, అంటే 500. కూడితే 12,500. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అదీ కలిపితే 14,750. వచ్చింది పదమూడు వేలు, పోయేది దాదాపు పదిహేను. కారు పాతబడే కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం దీనికన్నా కొంచెం తక్కువే ఉండొచ్చు. అయినా లెక్క ఎటు మొగ్గుతోందో కనపడుతూనే ఉంది. తప్పు ఆవగింజంత లేని మనిషి, ఫారాలు నింపి, ఫోన్లు చేసి, షెడ్డు చుట్టూ తిరిగి, సొంత డబ్బుతోనే సొంత కారు బాగుచేయించుకున్నాడు. గుద్దినవాడు క్లెయిము చేయకపోతే వాడి బోనసు చెక్కు చెదరలేదు.

అందుకే దెబ్బ చిన్నదైతే ముందు ఈ లెక్క వేసుకోండి. బోనసును కాపాడే యాడ్ ఆన్ ఒకటి అమ్ముతారు, బంపర్ టు బంపర్ అని మనం పిలిచే జీరో డెప్ తరుగు కోతను తీసేస్తుంది. జీరో డెప్ ఏడాదికి రెండు క్లెయిములకే అని చాలా పాలసీల్లో పరిమితి ఉంటుంది. ఒక్క మంచి సంగతి, బోనసు బండిది కాదు, యజమానిది. కారు అమ్మినా కొత్త కారుకు తీసుకుపోవచ్చు. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో మళ్లీ కట్టకపోతే మాత్రం ఆవిరే.

మరి మన కంపెనీ జోలికి పోకుండా గుద్దినవాడి థర్డ్ పార్టీ మీదే పడితే? దారి ఉంది. ప్రైవేటు కారు థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా రక్షణ ఉంటుంది. ప్రీమియం కొంచెం తగ్గుతుందని కొందరు దాన్ని 6,000కు కుదించుకుంటారు, అలాంటివాడు గుద్దితే మిగతాది వాడి జేబులోంచే రావాలి. రాబట్టడానికి వెళ్లాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు. గాయాలు, మరణాలు ఉంటేనే ట్రిబ్యునల్ అనుకుంటారు చాలామంది. కాదు. 165వ సెక్షన్‌లో ఆస్తి నష్టం అని కూడా స్పష్టంగా ఉంది. మన బంపర్ కూడా ఆస్తే. ఆలస్యం చేస్తే గడువు అభ్యంతరాలు లేవదీస్తారు, ఆరు నెలలు దాటనివ్వకండి.

కానీ పద్దెనిమిది వేల కోసం వకీలును పెట్టుకుని ఎన్ని వాయిదాలని తిరుగుతాం? ఎవరూ పోరు, పోరని కంపెనీలకూ తెలుసు. నాకు నచ్చే మార్గం లోక్ అదాలత్. కోర్టులో కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎదుటివాడూ, వాడి కంపెనీ ఒప్పుకుంటే అక్కడ రాసిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఒప్పుకోకపోతే మనకు పోయిందేమీ లేదు.

నాక్ ఫర్ నాక్ కంపెనీల మధ్య మాట. మనం దానికి సంతకం చేయలేదు. ఇంగ్లండులో 1936లోనే మోర్లీ వర్సెస్ మూర్ అనే కేసులో అప్పీలు కోర్టు ఈ సంగతి తేల్చింది. కంపెనీలు దావాలు వద్దనుకున్నా, పాలసీదారుకు గుద్దినవాడి మీద దావా వేసే హక్కు పోదు అంది. పైగా ఆ ఒప్పందం పనిచేసేది ఇద్దరికీ పూర్తి బీమా ఉన్నప్పుడే. మా దగ్గర తిరిగే నీళ్ల ట్యాంకర్లు, ట్రాలీ ఆటోల్లో చాలావాటికి ఉండేది ఉత్త థర్డ్ పార్టీ. అలాంటి బండి గుద్దితే మీ కంపెనీని నిలదీయొచ్చు, ‘రాబట్టుకునే హక్కు మీకుంది కదా, రాబట్టుకోండి’ అని. రాతపూర్వకంగా అడగండి. ఆ ట్యాంకర్ల బీమా కంపెనీలు ఇదివరకు డ్రైవరుకు రవాణా లైసెన్సు లేదని తప్పించుకునేవి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి బళ్ల లైసెన్సు చాలని చెప్పి ఆ సాకును చాలా మటుకు మూసేసింది. అయితే పెద్ద ట్యాంకరైతే ఆ బరువు దాటుతుందని మరవకండి.

యాప్రాల్ వాళ్లం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినది ఇంకొకటి ఉంది. మమ్మల్ని గుద్దేవాటిలో మిలిటరీ బళ్లు కూడా ఉంటాయి. 146వ సెక్షన్‌లోనే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత బళ్లు వ్యాపారానికి కాకుండా ప్రభుత్వ పనికి తిరిగేటప్పుడు వాటికి బీమా అక్కర్లేదని మినహాయింపు ఉంది. ఆర్టీసీ లాంటి సంస్థలు సొంత నిధి పెట్టుకుంటే వాటికీ మినహాయింపు ఇచ్చే వీలుంది. అంటే ఆకుపచ్చ ట్రక్కు తగిలితే ‘నీ ఇన్సూరెన్స్ ఏదయ్యా’ అని అడిగి లాభం లేదు. క్లెయిము వేస్తే భారత ప్రభుత్వం మీదే వేయాలి. ఆ ట్రక్కు నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే నంబరు ఉంటుంది, ఫొటో తీసుకోండి. వాదించకండి. యూనిట్ పేరు, తేదీ, వేళ రాసుకుని అర్జీ పెట్టండి. మా కాలనీల్లో రిటైరైన ఫౌజీలు ఇంటికొకరు, అర్జీ ఎవరికి పెట్టాలో వాళ్లను అడిగితే టీ ఇచ్చి మరీ చెబుతారు.

తప్పు సంగతి కంపెనీకి పట్టదన్నాను కదా. ఒకచోట పడుతుంది. మన క్లెయిము ఫారంలో ‘ప్రమాదం ఎలా జరిగింది’ అన్న గడిలో మనం రాసిన నాలుగు ముక్కల దగ్గర. కంపెనీ మనతో దిగే తగువులు చాలామటుకు అక్కడ పుడతాయి.

షెడ్డులో నష్టం లెక్క కట్టే సర్వేయరు పని చేస్తుంటే ఎప్పుడైనా పక్కన నిలబడి చూడండి. ముందు ఛాసిస్ నంబరు ఫొటో. తర్వాత నలిగిన చోట వంగి, ఎదుటి బండి రంగు అంటుకుందేమో గోటితో గీకి చూస్తాడు. దెబ్బ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలుస్తాడు. గీతలో దుమ్ము పట్టి ఉంటే, లోపల తుప్పు కనపడితే, అది నిన్నటి గీత కాదు. మీరు ‘వెనక నుంచి ఆటో గుద్దింది’ అని రాశారు, కానీ ఎడమ తలుపు మీద కూడా ఓ సొట్ట ఉంది. ‘ఎట్లాగూ క్లెయిము పెడుతున్నం, అది కూడా కలుపుదాం సార్’ అంటాడు మేస్త్రీ. సర్వేయరు దాన్ని కొట్టేస్తాడు, లేదా అది వేరే ప్రమాదం, వేరే క్లెయిము, ఇంకో 1,000 కోత అంటాడు. అంతటితో ఆగితే నయం. ఒక మాట అబద్ధమైతే మిగతా మాటల మీద కూడా అనుమానం పడుతుంది. బండి నడిపింది అబ్బాయైతే నాన్న అని రాయడం, సొంత కారును కిరాయికి తిప్పుతూ కుటుంబ ప్రయాణం అని రాయడం, ఇవి కంపెనీ చేతికి మనమే అందించే కత్తులు.

ఆ గడిలో ఊహలు రాయకండి. జరిగింది రాయండి. ‘సాయంత్రం నాలుగున్నరకు ముందు బర్రెలు అడ్డం వస్తే ఆగాను, వెనక నుంచి ఫలానా నంబరు ఆటో వచ్చి తగిలింది’ అంటే చాలు. ‘నేను కొంచెం స్పీడుగా ఉన్నానేమో’ లాంటి మర్యాదలు అక్కడ అక్కర్లేదు. అసలు పాలసీ షరతుల్లోనే ఉంది, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఎదుటివాడికి తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తామని మాట ఇవ్వడం, ఇచ్చేయడం కూడదని. అంటే రోడ్డు మీద మనం ‘సరే తమ్మీ, నాదే తప్పు, ఇంద రెండు వేలు’ అని చీటీ రాసిస్తే, రేపు అవతలివాడు మెడనొప్పని కేసు వేసినప్పుడు కంపెనీ ఆ చీటీ పట్టుకుని మన మీదికే వస్తుంది. చిన్న గీతకు ఫోన్లో వెయ్యి పంపి వదిలించుకోవడం వేరు, వదిలించుకున్నాక క్లెయిము కూడా పెట్టడం వేరు. రెండూ కలిపి చేయకండి.

పోలీసుల సంగతి. ‘చిన్నదానికి ఠాణా ఎందుకు’ అంటాం. కానీ 134వ సెక్షన్ ఆస్తి నష్టం జరిగినా సరే, దగ్గర్లో పోలీసు లేకపోతే 24 గంటల్లోపు స్టేషన్‌కు చెప్పమంటోంది, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాసి తెలపమంటోంది. మా వైపు జవహర్‌నగర్ స్టేషన్. కేసు పెట్టించాలనే రూలేం లేదు, జనరల్ డైరీలో రాయించి ఆ నంబరు తీసుకున్నా తర్వాత పనికొస్తుంది. బండ్లు పక్కకు తీయకముందే అవి ఉన్న తీరు, నంబరు ప్లేట్లు, రోడ్డు కనపడేలా ఫొటోలు తీయండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎదుటి బండికి బీమా ఎప్పటిదాకా ఉందో చూసుకోవచ్చు. మలుపులో ఏ దుకాణానికో కెమెరా ఉంటే అదే రోజు అడగండి, పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. డ్యాష్‌క్యామ్ ఉన్నవాడికి ఈ బాధ సగం లేదు. ఈ రోజుల్లో సీటు కవర్లకు పెట్టే ఖర్చులో కొంత దానికి పెడితే మేలని నా అభిప్రాయం.

సైనిక్‌పురి, యాప్రాల్ ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు చాలామంది. వాళ్లను అడిగితే అక్కడి తీరు వేరేగా చెబుతారు. అక్కడ బీమా కంపెనీ అడ్జస్టరు రెండు వైపులా ఫోన్ చేసి, నీది 20 శాతం, వాడిది 80 అని తేలుస్తాడు. మనకు ఉన్న కష్టం అక్కడ లేదనుకోకండి. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, అలబామా, వాషింగ్టన్ డీసీలలో పాత సూత్రం ఇంకా పట్టుకుని ఉన్నారు. నీ తప్పు ఒక్క శాతం ఉందని తేలినా ఎదుటివాడి నుంచి సాధారణంగా ఒక్క డాలరూ రాదు. మనవాళ్లు గుంపులుగా ఉండే చోట్లలో కొన్ని అవే కావడం వాళ్ల దురదృష్టం. మిషిగన్‌లో మన నాక్ ఫర్ నాక్ లాంటిదే చట్టంగా ఉంది, ఎవరి కారు వాళ్లే బాగుచేయించుకోవాలి. కాకపోతే అక్కడ ఒక చిన్న కిటికీ తెరిచారు. తప్పు చేసినవాడి నుంచి, బీమా భరించని నష్టం కింద 3,000 డాలర్ల దాకా రాబట్టుకోవచ్చు. దాన్ని మినీ టార్ట్ అంటారు. మనకు కావాల్సింది అలాంటి కిటికీయే అనిపిస్తుంది నాకు. కోత పోయిన ఆ 5,000, తప్పు లేకుండా పోయిన ఆ బోనసు, వకీలు లేకుండా వసూలయ్యే ఒక తేలికైన దారి. లేదా, ఇంకా సులువు, ఫొటోలతో ఎదుటివాడి తప్పు తేలిన క్లెయిముకు బోనసు కోయకూడదని ఒక్క నియమం. కంపెనీలు ఒప్పుకోకపోవచ్చు. చెప్పాల్సింది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. అది ఎక్కడో ఢిల్లీలో లేదు, మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మా ఊరి నుంచి గంట ప్రయాణం.

ఇక మీ సొంత కంపెనీయే మొండికేస్తే. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, సర్వేయరు కావాల్సిన క్లెయిములో, చెప్పిన 24 గంటల్లో సర్వేయరును కేటాయించాలి. 15 రోజుల్లో అతని రిపోర్టు రావాలి. అది అందిన ఏడు రోజుల్లో ఇస్తారో ఇవ్వరో కంపెనీ చెప్పాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిము కొట్టేయకూడదని కూడా అందులో ఉంది. ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును యాంత్రికంగా తిరస్కరించవద్దని 2011 సెప్టెంబరులోనే ఒక సర్క్యులర్ ఇచ్చారు. ఫోన్లో ‘రిజెక్ట్ అయింది సార్’ అంటే ఒప్పుకోకండి. ఏ షరతు కింద అన్నది రాసిమ్మనండి, సర్వే రిపోర్టు కాపీ అడగండి. ఆ రెండు కాగితాలు అడిగినప్పుడు అవతలి గొంతు మారడం చాలామంది అనుభవమే.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు లక్డీకాపూల్ పక్కన ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలుకు ప్రవేశం లేదు. మీ పాలసీ, మీ కంపెనీ గొడవైతేనే వింటారు. గుద్దినవాడి కంపెనీ మీద ఫిర్యాదు అక్కడ చెల్లదు, ఆ తేడా తెలియక చాలామంది వెనక్కి తిరిగొస్తారు. ఇంకో తలుపు పర్మనెంట్ లోక్ అదాలత్. బీమా సేవలు దాని పరిధిలోకి వస్తాయి. మామూలు లోక్ అదాలత్‌లా కాకుండా, రాజీ కుదరకపోతే అదే తీర్పు కూడా చెప్పగలదు. వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉంది, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాకు వేరేగా ఉంది. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, అంటే మనలో దాదాపు అందరికీ లేనట్టే.

ఇవేవీ కాకుండా కూర్చున్న చోటు నుంచే మొదలుపెట్టాలంటే బీమా భరోసా ఉంది, ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల విభాగం. టోల్ ఫ్రీ నంబరు చెబుతున్నాను, రాసుకోండి. 155255. మళ్లీ చెబుతున్నాను, 155255. ఫోన్ చేసే ముందు పాలసీ నంబరు, క్లెయిము నంబరు ఎదురుగా పెట్టుకోండి, మొదట అడిగేవి అవే.